చెవిలో చెప్పిన మనవి

ధర్మవరంలో ఆ సాయంత్రం నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. ఒక ఇల్లాలు నా చెవిలో చెప్పుకున్న ప్రార్థన మనవిని నేను మైకులో చెప్పాను. మిద్దె మీద కట్టిన హారన్ ఆ మాటను నేతగాళ్ళ వీధి పొడవునా మోసుకుపోయింది. ఎవరికి తెలియకూడదని ఆమె దేవుణ్ణి వేడుకుందో ఆ ఇద్దరికీ, అంటే ఆమె భర్తకూ, వాళ్ళ చేత చీరలు నేయించుకునే షావుకారుకూ, అది నా గొంతుతోనే చేరింది.

రేపల్లెకు తిరిగొచ్చాక ఇది రాస్తున్నాను. మా సంఘంలో కనబడిన ప్రతివారూ "రాయలసీమలో సేవ ఎలా జరిగింది?" అని అడుగుతున్నారు. చెప్పుకోదగ్గ సంతోషాలు బోలెడున్నాయి, అన్నీ చెబుతాను. అంత ఉత్సాహంగా గడిపిన రోజులు నా బతుకులో తక్కువ. ఆ ఉత్సాహంలోనే ఈ తప్పు కూడా జరిగింది కాబట్టి, ఒకదాన్ని దాచి రెండోది చెప్పలేను. ఆ ఇల్లాలి పేరూ ఆమె భర్త పేరూ మాత్రం మార్చాను. రాయవచ్చా అని అడిగితే ఆమే అంది: "వీధంతా ఇన్న మాటే గదన్నా, రాసుకో. పేరు పెట్టొద్దు."

నేను నీటిపారుదల శాఖలో గుమాస్తాను. మా గుడిలో పాటలు నడిపించేదీ, మైకు సెట్టు చూసుకునేదీ నేనే. చెవిలో విన్నది మేడెక్కి చాటాలని చిన్నప్పుడు ఆదివారం బడిలో నేర్చుకున్నాం. తొంభైల చివర్లో, చందాలు పోగుచేసి మా సంఘం వెడల్పాటి కొత్త హారన్ కొన్నప్పుడు, ఆ మాట నా కోసమే చెప్పారనిపించింది. ఆ ఏడే పెనుకొండలో సేవచేసే యోబు పాస్టరు మా సభలకు వచ్చాడు. నా పాట విని, "మా దిక్కుకు ఒకతూరి రాప్పా. నీ గొంతూ కావల్ల, నీ హారనూ కావల్ల" అన్నాడు. హిందూపురంలో, పెనుకొండలో, ధర్మవరంలో చిన్న కూడికలు. చివర ముదిగుబ్బలో చుట్టుపక్కల సంఘాలన్నీ కలిసే పెద్ద సభ. ఆ సభలో ప్రసంగం నాది! ఆఫీసులో ఫైళ్ళు మోసేవాడికి ప్రసంగ పీఠం దొరకడం మాటలు కాదు. సెలవు పెట్టి, హారన్‌ని పాత దుప్పట్లో చుట్టి రైలెక్కాను.

హిందూపురం: నమలకూడదు, మింగాలి

తెల్లవారుతుండగా దిగాను. చలి! మా కృష్ణా కాలవల ఊళ్ళో పుట్టినవాడికి ఆ పొడి చలి కొత్త. హారన్‌కి చుట్టిన దుప్పటి విప్పి నేను కప్పుకున్నాను. ప్లాట్‌ఫారం మీద నన్ను చూసిన యోబు పాస్టరు మొదటి మాట, "హారన్‌కు జలుబు చేస్తాదేమోనప్పా."

స్టేషను బయట ఉగ్గాని తిన్నాం. బొరుగులు నానబెట్టి పోపు పెట్టి, పైన పప్పుల పొడి చల్లి, పక్కన మిరపకాయ బజ్జీ. ఐదు రూపాయలకు ఆకు నిండా పెట్టారు. మా వైపు బొరుగులు పిల్లల చిరుతిండి, ఇక్కడ అవే పెద్దల టిఫిను. రెండో ఆకు కూడా అడిగాను.

బజారులో చింతపండు బస్తాల మధ్య కూర్చున్న ఖాదర్ భాయ్ అంగట్లో కాసేపు ఆగాం. ఒకరు "ఎష్టు?" అని కన్నడంలో ధర అడిగితే కన్నడంలో చెబుతున్నాడు. ఇంకొకరికి తెలుగు. లోపలున్న తమ్ముడికి ఉర్దూ. మూడు భాషల్లోనూ ఒక్క పైసా తగ్గడం లేదు. నా చంకలోని హారన్ చూసి, "ఏంది భాయ్, సినిమా ప్రచారమా? ఓట్లా?" అన్నాడు.

"దేవుని మాట చెప్పడానికి వచ్చాం" అన్నాను.

"మంచిదే. మాదీ ఉండాదిలే మసీదు మీద. రెండిటికీ పోటీ మాత్రం పెట్టద్దు, మాది పాతది, ఓడిపోతాది" అని పెద్దగా నవ్వాడు. ఇంటికి కొంచెం చింతపండు కొన్నాను. చిల్లర లేదంటే, "దుడ్లు పోయేటప్పుడు ఇయ్యప్పా. హారన్ మోసేటోడు యాడికి దాక్కుంటాడు?" అన్నాడు.

ఆ సాయంత్రం ఊరి చివర కూలీల కాలనీలో కూడిక. వాళ్ళ పాటలో ఒక చరణం తెలుగు, ఒక చరణం కన్నడం. నాకు కన్నడం ముక్క రాదు, అయినా రెండో సారికి పాడేశాను. ఇంత ఆనందంగా పాడే మనుషుల్ని మా ఊళ్ళో క్రిస్మస్ రోజున కూడా చూడలేదు. తర్వాత రాగి సంగటి ముద్ద, నంజుకోవడానికి చెనక్కాయల ఊరుబిండి, అంటే వేరుశెనగల పచ్చడి, పెట్టారు. ముద్దను అన్నం నమిలినట్టు నమిలాను. అది పంటికీ అంగిటికీ అంటుకుని మాట పడిపోయింది.

"నమలద్దు నాయనా, మింగు!" అని ఒక అవ్వ అరిచింది. "ఇంతసేపు మాట్లాడినాడు గదా, ఇప్పుడన్నా నోరు కట్టేసింది సంగటి" అని పక్కనామె. అందరూ పడిపడి నవ్వారు. నేనూ నవ్వాలనుకున్నాను, నోరు తెరుచుకోలేదు.

పెనుకొండ: వేలంలో గెలిచిన కోడి

పెనుకొండ వెళ్ళే దారంతా రాళ్ళగుట్టలు, మధ్యమధ్య చెనక్కాయ చేలు. కొండ మీది కోట గోడల్ని బస్సులోంచే చూసి మెడ నొప్పి తెచ్చుకున్నాను. యోబు పాస్టరు గుడి ఆ కొండ నీడలోనే, పెంకులతో కప్పిన చిన్న గుడి. ఆదివారం ఆరాధనకు జనం డబ్బుకంటే ఎక్కువగా పంట తెచ్చారు: చేటలో రాగులు, గుడ్డ మూటలో చెనక్కాయలు, ఒక గుమ్మడికాయ, ఒక కోడిపెట్ట. ఆరాధన అయ్యాక వాటిని గుడి ముందే వేలం వేస్తారు.

వేలమంటే నాకు ఒళ్ళు తెలియదు. గొర్రెలు మేపుకునే ఒకాయన కోడికి యాభై అన్నాడు. నేను అరవై అన్నాను. ఆయన డెబ్బై. అట్లా పోయి పోయి నూటిరవైకి కోడి నాదైంది. ఆయన నా దగ్గరికొచ్చి మెల్లగా, "అన్నా, ఆ కోడి నేను ఇచ్చిందే. గుడికి నాలుగు రూపాయలు ఎక్కువ రానీలే అని పెంచినా" అన్నాడు. యోబు పాస్టరు పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఇంకొకటి కూడా అక్కడే చూశాను. చూసి నేర్చుకోలేదు. మా ఊళ్ళో ప్రార్థన మనవులు నేను మైకులో చదువుతాను, సంఘమంతా ఆమెన్ అంటుంది. పెనుకొండలో అట్లా కాదు. అంతా అయ్యాక యోబు పాస్టరు ఒక పక్కన చాప మీద కూర్చుంటాడు. ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఒక్కొక్కరే వచ్చి చెవి దగ్గర నోరు పెట్టి చెబుతారు. ఆయన కళ్ళు మూసుకుని తల ఊపి, వాళ్ళకు తప్ప ఎవరికీ వినపడనంత చిన్నగా ప్రార్థిస్తాడు.

"ఇదేంటి పాస్టరుగారూ, రహస్యాలా?" అన్నాను.

"ఈడ అంతేప్పా. ఇంటికీ ఇంటికీ గోడ ఒగటే, వీధికంతా కొళాయి ఒగటే. నా చెవి దాటితే ఆ మాట ఊరు దాటుతాది."

నేను తల ఊపాను గానీ మనసులో, పాపం, వీళ్ళకు ఇంకా ధైర్యం చాలదు, మనం నేర్పాలి అనుకున్నాను. ఎంత గర్వం!

ధర్మవరం: ఆగిన మగ్గం

కోడిని ఒళ్ళో పెట్టుకుని ధర్మవరం బస్సెక్కాను. కండక్టరు, "కోడికి అర టికెట్టు, హారన్‌కు ఫుల్ టికెట్టు" అన్నాడు. ఒక నిమిషం నిజమే అనుకుని జేబు తడుముకున్నాను.

మేము దిగింది యోబు పాస్టరు చెల్లెలు ఎస్తేరమ్మ ఇంట్లో. నేతగాళ్ళ వీధి మొదట్లోనే వాళ్ళ మిద్దె. వీధిలో అడుగు పెట్టగానే నాకు పూనకం వచ్చినట్టయింది. ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడు! టక్ టక్ అని ఒకటి, దానికి జవాబుగా ఇంకొకటి. వీధంతా తాళం వేస్తున్నట్టుంది. మధ్యాహ్నం ఎస్తేరమ్మ నన్ను ఎదురింటికి తీసుకెళ్ళింది. నేలలో గుంట, గుంటలో కాళ్ళు పెట్టుకుని నరసింహులు నేస్తున్నాడు. మగ్గం మీద మామిడిపండు రంగు చీర, ఎర్ర అంచు, అంచులో జరీ హంసలు. హిందూపురం వాళ్ళ పెండ్లి చీరట. నేసిన గుడ్డ ఆయన ఒడి ముందున్న కర్రకు చుట్టుకుంటూ పోతోంది. నరసింహులు దేవుడి సంగతులేమీ మాట్లాడలేదు, నిండుగా నవ్వి కాఫీ ఇప్పించాడు. ఆయన భార్య రత్నమ్మ రాట్నం మీద కండెలకు దారం చుడుతోంది. అప్పుడప్పుడు ఎస్తేరమ్మ ఇంటి ప్రార్థనకు వచ్చి వెనకాల కూర్చుంటుందట. భర్త వద్దనలేదు, రమ్మనీ అనలేదు.

సాయంత్రం కూడికకు ముందు, మిద్దె మెట్ల దగ్గర వైరు కలుపుతుంటే రత్నమ్మ వచ్చింది. అటూ ఇటూ చూసి నా చెవి దగ్గరికి వంగింది.

"అన్నా, ఒక మనవి. మొన్న కరెంటు పోయినప్పుడు అంచు సూద్దామని బుడ్డి దీపం పట్టుకున్యా. కిరసనాయిలు చుక్కలు పడినాయి, పెండ్లి చీర మింద. ఆయప్ప సూడలేదు. చీకట్లోనే గుడ్డ చుట్టేసినాడు. ఇప్పుడు దాని మిందనే నేస్తాండాడు. చీర కోసేలోపల మరక పోవల్ల. ఆయప్పకు తెలీకూడదు. షావుకారుకు అసలే తెలీకూడదు, తెలిస్తే ఇంగ పట్టు ఇయ్యడు మాకు. నీ ప్రార్థన దేవుడు ఇంటాడంట గదా?"

"తప్పకుండా వింటాడమ్మా" అన్నాను.

ఆ రోజు కూడిక అద్భుతం. వీధి వీధంతా గడపల్లోకి వచ్చి నిలబడింది. నా గొంతు హారన్‌లో గంటలా మోగింది. పాట మీద పాట. ముగింపు ప్రార్థనకు వచ్చేసరికి నేను నేల మీద లేను. రత్నమ్మ విశ్వాసం గుర్తొచ్చి కళ్ళ నీళ్ళు తిరిగాయి. మైకు గట్టిగా పట్టుకుని అన్నాను: "మా పాపపు మరకలు కడిగిన దేవా, ఈ వీధిలో మగ్గం మీదున్న పెండ్లి చీరను చూడు. మా సోదరి రత్నమ్మ చేతి బుడ్డిలోంచి పడిన ఆ కిరసనాయిలు మరకను కూడా కడుగు!"

ఎదురింటి మగ్గం చప్పుడు ఆగిపోయింది.

నిజం చెబుతున్నాను, ఆ క్షణాన నేను సంతోషించాను. నరసింహులు హృదయాన్ని దేవుడు తాకాడనుకున్నాను. కళ్ళు తెరిస్తే జనంలో ఒక్కరూ ఆమెన్ అనలేదు. రత్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఇంటివైపు పరిగెడుతోంది. యోబు పాస్టరు వచ్చి నా చేతిలో మైకు తీసుకుని స్విచ్ కట్టేశాడు.

మళ్ళీ మైకా?

మరునాడు పొద్దున్నే సంగతులన్నీ ఎస్తేరమ్మ ద్వారానే తెలిశాయి. నరసింహులు గుడ్డ విప్పి మరక చూశాడు. భార్యను కొట్టలేదు, తిట్టలేదు. "నాకు చెప్పకుండా ఊరికి చెప్తివా" అని ఒక్క మాట అని గోడవైపు తిరిగి పడుకున్నాడట. టిఫిను వేళకే షావుకారు మనిషి వచ్చి, చీరను ఉన్నపళంగా కోసి తెమ్మని చెప్పిపోయాడు.

"సాయంత్రం మైకులో క్షమాపణ చెబుతాను. వీధంతా వినేట్టు" అన్నాను.

ఎస్తేరమ్మ చేతిలో చేట కింద పెట్టింది. "మళ్ళీ మైకా? ఇప్పుడు విననోళ్ళు కూడా ఇంటారు, బాగుంటాదిలే. ఏమన్నా, దేవుడు నీకు నోరు ఒగటే ఇచ్చినాడా? కాళ్ళు ఇయ్యల్యా? ఎదురిల్లే గదా, నడిచి పో."

వట్టి చేతులతో పోలేక కోడిని చంకలో పెట్టుకుని వీధి దాటాను. గడపలో నిలబడ్డాను. నరసింహులు చీర కోసి మడత పెడుతున్నాడు. మగ్గం మీద పడుగు, అంటే నిలువు దారాలు, ఇంకా మిగిలి ఉంది.

"తప్పు నాది తమ్ముడూ" అన్నాను.

"ముందు ఆ కోడిని బయట పెట్టన్నా" అన్నాడు తలెత్తకుండా. "పడుగు మింద ఎక్కి గీరిందంటే మళ్ళా ఇంగో మనవి చేయాల్సొస్తాది."

కోడిని వదిలేసి లోపలికి వెళ్ళాను. రత్నమ్మ రాట్నం ముందు కూర్చుని ఉంది గానీ రాట్నం తిరగడం లేదు. నావైపు చూడలేదు. "మరక పోవాలని అడిగినా నేను. నువ్వు అందరికీ కనబడేటట్ల చేసినావు" అంది.

షావుకారు దగ్గరికి నరసింహులు వెంట నేనూ వెళ్ళాను. ఆయన చీరను ఎండకు పట్టి చూసి, పక్కన పెట్టి, నన్ను చూశాడు. "మైకాయన నువ్వేనా? మా ఇంటిదాకా ఇనపడినావప్పా. మంచి సెట్టే."

"తప్పు నాది షావుకారుగారూ. వాళ్ళది కాదు."

"తప్పు నీదే. నష్టం మాత్రం మాకు. అదీ తమాషా." ఆయన గొంతు పెంచలేదు. "మరక చీరలు నేను సూడనివా? నేనూ నరసింహులూ సూసుకునేటోళ్ళం. రెండో రకం కింద పోయేది. ఇప్పుడు పెండ్లోళ్ళు వచ్చి ఏ టీ అంగట్లో కూసున్నా వాళ్ళకు జనం ఈ కథే చెప్తారు. ఇంగ నా అంగట్లో ప్రతి చీరనూ ఎండకు పట్టి సూస్తారు." నరసింహులు వైపు తిరిగాడు. "శుక్రవారం వస్తారు వాళ్ళు. అప్పటికి అదే పడుగు మింద ఇంగో చీర తెగల్ల. లేకుంటే పడుగు విప్పించి వేరేవాళ్ళకు ఇస్తా. నా పేరు కూడా నేను సూసుకోవల్ల గదా."

నరసింహులు నిలువునా నీరైపోయాడు. "యాడయితాది షావుకారు? కండెలు సుట్టే అవ్వ కూతురింటికి పోయింది. రత్నమ్మ ఒగతే. నేను రాత్రీ పగలూ మగ్గం దిగకుండా నేసినా గూడా, కండె అందించేకి మనిషి ల్యా."

"నేను చుడతాను" అన్నాను.

షావుకారు మొదటిసారి నవ్వాడు. "ఇన్యావా నరసింహులూ? మైకాయన కండెలు సుడతాడంట!"

ముదిగుబ్బ సభ గురువారం. యోబు పాస్టరు దగ్గరికి వెళ్ళి చెప్పాను. "హారన్ తీసుకుపోండి పాస్టరుగారూ. ప్రసంగం మీరే చెయ్యండి."

ఆయన, "నిజంగానా? అంతమంది మళ్ళా దొరకరప్పా నీకు" అన్నాడు. అవునన్నాను. ఆయన హారన్ భుజాన వేసుకుని బస్టాండుకు వెళుతుంటే, నా పిల్లను అత్తారింటికి పంపినట్టనిపించింది.

కండెలు

కండె అంటే వేలంత గొట్టం. దానికి పేక, అంటే అడ్డంగా నేసే పట్టు దారం, చుట్టి నాడెలో పెడితే, అది అటూ ఇటూ పరిగెత్తి గుడ్డ అవుతుంది. చుట్టడం తేలికే అనుకున్నాను. మొదటి రోజు నేను చుట్టినవాటికంటే తెంపినవి ఎక్కువ. దారం కంటికి ఆనదు, వేలికి మాత్రం కోత పెడుతుంది. గట్టిగా లాగితే తెగుతుంది, వదులుగా వదిలితే నాడెలో చిక్కుపడుతుంది. "మైకన్నా, కండె!" అని మగ్గంలోంచి కేక. అందిస్తే, "ఇది కండెనా, కుందేలు తోకా?" అని వెనక్కి విసిరేవాడు. వీధిలో పోయేవాళ్ళు తొంగి చూసి, "ఏమబ్బా, ఈపొద్దు పాటల్లేవా?" అని ఆటపట్టించేవాళ్ళు.

చెబితే నవ్వుతారు గానీ, ఆ రోజుల్లో కూడా నాకు ఉత్సాహం తగ్గలేదు. మామిడిపండు రంగు పట్టు నా వేళ్ళ మీదుగా పోయి, హంసల అంచు పక్కన గుడ్డగా మారుతుంటే, జానెడు పెరిగినప్పుడల్లా లేచి వెళ్ళి చూసేవాణ్ణి. "కూసో అన్నా, సూస్తే పెరగదు అది" అనేవాడు నరసింహులు.

రత్నమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కాఫీ గ్లాసు పక్కన పెట్టి వెళ్ళిపోయేది. మూడో రోజు, పక్కపక్కన రాట్నాలు తిప్పుతుండగా ఉన్నట్టుండి అడిగింది: "మీ ఊర్లో మనవులన్నీ మైకులోనేనా?"

"అవునమ్మా."

"ఆడోళ్ళు ఏం చెప్తారు మల్ల?"

"పిల్లల పరీక్షలు. జ్వరాలు. ఉద్యోగాలు."

ఆమె దారం తెంపి ముడేసింది. "అంతేనా? అయితే అసలువి చెప్పరన్నమాట."

ఇన్నేళ్ళలో మా ఆవిడ ఒక్క మనవి కూడా మైకుకు పంపలేదని అప్పుడు తట్టింది. ఆమెకు కోరికలే లేవనుకుని మురిసిపోయాను.

శుక్రవారం మధ్యాహ్నం చీర నేత పూర్తయి మగ్గం నుంచి తెగింది. నరసింహులు దాన్ని మడిచి షావుకారు దగ్గరికి వెళ్ళాడు. వచ్చేదాకా రత్నమ్మా నేనూ గడపలోనే నిలబడ్డాం. వీధి మలుపులో కనబడ్డాడు, చంకలో పట్టు మూట ఉంది. "పడుగు ఉండనీ అన్నాడు. పేకకు ఇంగా పట్టు ఇచ్చినాడు" అని దూరం నుంచే అరిచాడు. "చీరను మూడు దిక్కులా ఎండకు పట్టినాడు. యాడా ఏం ల్యా!" రత్నమ్మ నేల మీద కూలబడి ఏడ్చింది, వెంటనే నవ్వింది. నరసింహులు ఆమె పక్కన గొంతుకూర్చుని, "ఇంగ మీద మరక పడితే ముందు నాకు చెప్పు. దేవునికి తర్వాత చెప్పుకుందువులే" అన్నాడు.

మరునాడు బయలుదేరుతూ వాళ్ళింటికి వెళ్ళాను. కొత్త చీర మొదలైంది, మగ్గం జోరుగా ఆడుతోంది. రత్నమ్మ నీళ్ళ చెంబు ఇచ్చి, నా చెవి దగ్గరికి వంగింది. ఒక మనవి చెప్పింది. నేను కళ్ళు మూసుకుని ప్రార్థించాను. మగ్గం చప్పుడులో నా మాట నాకే వినపడలేదు. ఆమె మాత్రం ఆమెన్ అంది.

నరసింహులు నా సంచి మోస్తూ స్టేషను దాకా వచ్చాడు. దారి పొడుగునా ఒకటే గొడవ. "ఏం చెప్పిందన్నా? నా మీదనా? మగ్గం మీదనా? అంత మాత్రం చెప్పరాదా? వీధికంతా చెప్పినోడివి, నాకొక్కనికి చెప్పలేవా?" నేను సంగటి నోట్లో ఉన్నట్టు ఊరుకున్నాను. రైలు కదులుతుంటే కిటికీ పట్టుకుని నడుస్తూ, "నేర్చుకున్నావులే!" అని నవ్వాడు. కోడి ఎస్తేరమ్మ దగ్గరే ఉండిపోయింది, గుడ్లు పెడుతోందట. ఖాదర్ భాయ్ చింతపండు దుడ్లు, హారన్ తిరిగి తెచ్చిచ్చిన యోబు పాస్టరు చేత పంపించాను.

ఇప్పుడు మా గుడిలో మనవుల వేళకు మైకు స్విచ్ నేనే కట్టేస్తాను. స్తంభం పక్కన చాప వేసుకుని కూర్చుంటాను. మొదటి ఆదివారం ఎవరూ రాలేదు. కొందరు పెద్దలు, "రాయలసీమ పోయి గొంతు పోగొట్టుకొచ్చాడు" అన్నారు. రెండో ఆదివారం ఒక ముసలామె వచ్చింది. ఆ తర్వాత వారం, అందరూ వెళ్ళిపోయాక, మా ఆవిడ వచ్చి చాప మీద నా పక్కన కూర్చుని చెవి దగ్గరికి వంగింది.

రత్నమ్మ ఏమడిగిందో మా ఆవిడకు నేను చెప్పలేదు. ఆమె ఏమడిగిందో మీకు చెప్పను.